తోడు గొంతు

జూన్ 19

కార్డు కార్యాలయంలో పనిచేసే పేరిందేవి గారు, జరిగింది రోజూ రాసిపెట్టమని ఫోన్లో చెప్పారు. తేదీ వేసి, చేత్తో, సిరాతో.

"ఫోన్లో చెప్పింది గాలికి పోతుందమ్మా. కాగితం మీదుంటేనే విచారణలో నిలబడుతుంది" అన్నారు.

అందుకని బడి రోజుల్లో మిగిలిపోయిన నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి తీశాను. నా పేరు కల్హార. వయసు ఇరవై నాలుగు. రెండో మేడ, ఇరవై రెండో అంతస్తు, ఒంటిగది. సముద్రం ముందుకొచ్చినప్పుడు తడిసిపోయిన పుస్తకాలను ఆరబెట్టి, అతికించి, చదవలేనివి తిరగరాసే శాలలో పని.

నెలకోసారి కార్డువాళ్లు పంపే కాగితం ఇవాళ వచ్చింది. అందులో నావి కానివి ఐదు చెల్లింపులు ఉన్నాయి. అన్నీ తొమ్మిదో మేడలోవే. రెండు టీలు. మిరపకాయ బజ్జీలు. కొబ్బరినూనె. మళ్లీ టీ. ఒక దుప్పటి. నేను టీ తాగను. తొమ్మిదో మేడ ఉప్పుకయ్యకు, అంటే సముద్రపు పాయకు, అవతల ఉంది. అక్కడికి పడవ మీద వెళ్లాలి. నేను ఎప్పుడూ పడవెక్కలేదు.

నేనూ అందరిలాగే 'సులువు' అనే గొంతు గుర్తుపట్టే యంత్రంతోనే చెల్లిస్తాను. ఎదురుగా నిలబడి "అవును" అంటే చాలు, డబ్బు వెళ్లిపోతుంది. అయితే అందరి సులువుకీ వెనక బ్యాంకు ఖాతా ఉంటే, నా సులువుకు వెనక క్రెడిట్ కార్డు ఉంది. అది సిస్టర్ అగాథ పట్టుదల. బడిలో చివరి ఏడాది మా అందరి చేతా పాతకాలపు కార్డు తీయించి, వెనక తెల్లపట్టీ మీద సంతకం పెట్టించింది.

"సులువుకు మీరు తెలుసు. కార్డుకు మీరు తెలియదు. తెలియనివాళ్లే అడుగుతారు, ఇది మీరేనా అని. అలా అడిగేవాళ్లు ఒకరుండాలి" అంది.

మేం నవ్వాం. కార్డుకు ఏడాదికోసారి రుసుము, గడువు దాటితే వడ్డీ. సులువు ఉచితం.

జూన్ 20

సులువును అడిగాను. అది గది గోడలోంచే మాట్లాడుతుంది.

"తొమ్మిదో మేడ చెల్లింపులు నావి కావు."

"కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పాను.

"అవి మీవే, కల్హారా. గొంతు, నడక, అలవాట్లు అన్నీ చూశాం. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు మీరే."

"మరి ఇప్పుడు మాట్లాడుతున్న నేను?"

అది కాస్త ఆగింది. ఎప్పుడూ ఆగదు.

"డెబ్బై ఒకటి" అంది.

తర్వాత చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. గది నాదే. అలమారలో పుస్తకాలు నావే. అయినా ఎవరి గదిలోనో కూర్చున్నట్టు కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాను.

పేరిందేవి గారికి ఫోన్ చేశాను. చెల్లింపు జరిగిన నలభై రోజుల్లోపు స్వయంగా వచ్చి 'నేను కాదు' పత్రం మీద సంతకం పెట్టాలట. మొదటిది జూన్ ఒకటిన జరిగింది కాబట్టి జూలై పది దాకా గడువు.

"సులువువాళ్లకు అలాంటి పత్రం లేదా అండి?"

"వాళ్లకెందుకమ్మా? 'మేం పొరపాటు పడం' అంటారు వాళ్లు. పడతాం అని ఒప్పుకున్నాం కాబట్టి మాకు పత్రం ఉంది."

జూన్ 23

పొద్దున కుళాయి నీళ్లివ్వలేదు. బిందె పెట్టి "అవును" అన్నాను. "మరోసారి" అంది. ఆరుసార్లు అన్నాను. నా వెనక వరసలో పక్కగది నాగరత్నం పిన్ని ఉంది.

"ఏమే పిల్లా, నీ మాట నోట్లోంచి బయటికి రావడానికి కూడా టిక్కెట్టు పెట్టారా ఏంటి? గట్టిగా అనవే! పెళ్లిచూపులా ఇది?"

వరసంతా నవ్వారు. నేను పక్కకు తప్పుకున్నాను.

"అవునూ, నీ బదులు వాగేది ఒకత్తి ఉండేదిగా, హెప్సిబా. ఏమైందది?"

"మే నెలలో బదిలీ అయింది పిన్నీ. ఉప్పుమడుల దగ్గర కొత్త శాలకు."

"కబురైనా పెట్టదా?"

నేనే రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ సులువు ఒకే మాట చెప్పింది: ఆ పేరుతో ఎవరూ లేరు. కోపం వచ్చి పేరు మార్చుకుందేమో అనుకున్నాను. పిన్నికి అది చెప్పలేదు.

కింద కొట్లో కార్డు తీసి నీళ్ల డబ్బా కొన్నాను. కొట్టు వెంకటరాజు కార్డును ఎలకతోకలా కొసవేళ్లతో పట్టుకున్నాడు.

"సులువైతే క్షణంలో నా చేతిలో పడుద్దమ్మా. ఇదైతే పది రోజులు. పైగా నూటికి మూడు వాళ్లే మింగుతారు. ఏం తప్పు చేశావని దీన్ని బయటికి తీశావు?"

చీటీ మీద సంతకం పెట్టాను. అతను పట్టీ మీది సంతకాన్నీ చీటీనీ పక్కపక్కన పెట్టి, తర్వాత నా ముఖంలోకి చూశాడు. ఈ నెలలో నన్ను అలా చూసిన మనిషి అతనొక్కడే.

జూన్ 26

పేరిందేవి గారు రోజూ కొత్త చెల్లింపులు చదివి వినిపిస్తున్నారు. నిన్న తొమ్మిదో మేడ రేవులో పడవ టిక్కెట్టు. ఇవాళ ఆరో మేడలో రొట్టె.

"ఇటు వస్తోందమ్మా" అన్నారావిడ. మామూలుగానే అన్నారు. నేను తలుపు మూసి ఉందో లేదో చూశాను.

సులువును మళ్లీ అడిగాను. అరవై మూడు.

యాభైకి తగ్గితే ఏమవుతుందో మా మేడలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇక్కడ అద్దె నెలకు కాదు, తలుపు తెరిచిన ప్రతిసారీ. సులువు పోల్చుకోకపోతే తలుపు తెరుచుకోదు. పోయినేడు మా అంతస్తులోనే ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. గొంతుకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన తలుపు ఆయన్ను గుర్తుపట్టలేదు. వరండాలో తన గది ముందే కూర్చున్నారు. మూడు రోజులు. పిన్ని గంజి ఇచ్చింది, నేను ఒక పుస్తకం ఇచ్చాను. నాలుగో రోజు మేడ కార్యాలయం వాళ్లు నలుగురు వచ్చి, "ఎవరు మీరు?" అని అడిగారు. ఆయన నోటి నుంచి గాలి మాత్రం వచ్చింది.

సాయంత్రానికి అక్కడ చెప్పులు మాత్రం ఉన్నాయి.

జూన్ 30

యాభై ఎనిమిది.

శాలకు వెళ్లడం మానేశాను. వెళ్తే తిరిగి లోపలికి రాగలనో లేదో. నిన్న తలుపు ముందు పదకొండుసార్లు నా పేరు చెప్పుకున్నాను. పన్నెండోసారి తెరుచుకుంది.

నాలుగో మేడలో ఆమె నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి, సిరాకలం ఒకటి కొన్నదట. ఈ ఊళ్లో అవి కొనేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

అద్దంలో చూసుకున్నాను. 'ఆమె' అని రాస్తున్నాను గానీ, సులువు లెక్కలో ఆమె తొంభై ఎనిమిది పాళ్లు నేను. ఆమె టీ తాగుతుంది, పడవెక్కుతుంది, బజ్జీలు తింటుంది, కుళాయి ముందు ఒక్కసారి అంటే చాలు నీళ్లొస్తాయి. బతకడం తెలిసిన కల్హార. నన్ను చూసి ఎవరైనా అసలుదని ఎందుకు అనుకోవాలి?

జూలై 2

పేరిందేవి గారు ఫోన్లో పత్రం చదివారు. మూడో ప్రశ్న దగ్గర ఆగారు.

"మీ కార్డుతో గానీ, దానికి తగిలించిన సేవతో గానీ చెల్లించే అధికారం ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండి" అన్నాను.

"ఇచ్చి ఉంటే డబ్బు వెనక్కి అడగడానికి వీల్లేదమ్మా. అందుకే అడుగుతున్నాను."

"లేదండి."

జూలై 3

నిన్న అబద్ధం చెప్పాను. ఇది మీరే చదువుతారని తెలిసీ రాస్తున్నాను, పేరిందేవి గారూ.

రెండేళ్ల కిందట, శాలలో చేరిన మొదటి రోజు. భోజనాల గదిలో "అవును" అన్నాను. సులువుకు వినపడలేదు. మళ్లీ అన్నాను. వెనక ముప్పైమంది పళ్లేలు పట్టుకుని ఉన్నారు. నా నోరు ఎండిపోయింది. అప్పుడు నా వెనకున్న అమ్మాయి నా భుజం మీదుగా వంగి, "అవునమ్మా తల్లీ, అవును! అన్నం పెట్టు!" అని అరిచింది. గదంతా నవ్వింది. అన్నం వచ్చింది. సులువు నన్ను అడిగింది: ఈ గొంతును మీకు తోడు గొంతుగా ఉంచుకోమంటారా?

నేను తలూపాను.

ఆ అమ్మాయి హెప్సిబా. మర్నాటి నుంచి మా ఇద్దరి భోజనం ఖర్చు నాది, మాట ఆమెది. అదీ మా ఒప్పందం. భోజనాల దగ్గరే ఆగలేదు. కుళాయి దగ్గర, లిఫ్టులో, సబ్బు కొన్నా, దారం కొన్నా ఆమే "అవును" అనేది. నేను పక్కన నిలబడేదాన్ని. చాలా హాయిగా ఉండేది. రెండేళ్లలో సులువుతో నేను నేనుగా ఎన్నిసార్లు మాట్లాడి ఉంటానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ గొంతుకే అది కల్హార అని పేరు పెట్టుకుంది.

తప్పు సులువుదే అని ఇన్నాళ్లూ రాశాను. తలూపింది నేను.

జూలై 4, మధ్యాహ్నం

రెండు గంటలకు ఫోన్ చేశాను. పేరిందేవి గారి గొంతు మారింది.

"ఇప్పుడే రెండు పడ్డాయమ్మా. మీ మేడ కింద కొట్లో రెండు అరటిపళ్లు. తర్వాత లిఫ్టు. ఇరవై రెండో అంతస్తుకు. మీరెక్కడున్నారు?"

"గదిలో."

"తలుపు వేసుందా?"

వేసే ఉంది. మా తలుపులకు గడియలుండవు. ఎవరికి తెరవాలో సులువుకు తెలుసు కదా, గడియ ఎందుకు?

వరండాలో చెప్పుల చప్పుడు వినపడింది. నా తలుపు ముందు ఆగింది. నేను కుర్చీ ఈడ్చి అడ్డం పెట్టబోయాను.

"అవును" అంది బయటి గొంతు, ఒక్కసారే.

"స్వాగతం, కల్హారా" అంది గోడ. తలుపు తెరుచుకుంది.

నేను లోపల కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు తెలియకుండానే కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరవ్వే. నేనే. దెయ్యాన్నేం కాదు. దెయ్యానికైతే ఆకలెయ్యదుగా."

హెప్సిబా. బుగ్గలు లోపలికి పోయాయి. భుజం మీద దుప్పటి, చేతిలో రెండు అరటిపళ్లు. ఒకటి నాకిచ్చింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

జూలై 4, సాయంత్రం

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కొత్త శాల తొమ్మిదో మేడలోనే. చేరడానికి పేరు రాయించుకోబోతే సులువు ఏవందో తెలుసా? ఒకే గొంతుకు రెండు పేర్లున్నాయి, ఎక్కువ వాడింది ఉంచుతున్నాం అంది. నా పేరు తీసేసిందే! హెప్సిబా అని ఎవరూ లేరంట. నేను అక్కడ నుంచుని ఉన్నాను, లేనంట. నా గది తెరుచుకోలేదు. పనిలోకి రానివ్వలేదు. అమ్మకు కబురు పెడితే, కల్హార ఎవరమ్మా అని అడిగింది. నీకు పెడితే, మీకు మీరే కబురు పెట్టుకోలేరంది. ఆకలేసింది. అవును అన్నాను, టీ వచ్చింది. అది నీ కార్డు మీద పడుతుందని తెలుసు. తెలిసే తాగాను."

"రెండు టీలు?"

"ఎదురుగా ఎవరో ఒకరు ఉన్నట్టుంటుందని రెండోది."

ఈ ఊళ్లో ఆమెకు తెరుచుకునే తలుపు ఒక్కటే. నాది. అందుకే ఒక్కో మేడా ఆగుతూ వచ్చింది. ఆగింది ఎందుకంటే, భయమేసి. నేనేమంటానోనని.

"ఆ కాపీ పుస్తకం ఎందుకు?"

దుప్పటిలోంచి తీసి ఇచ్చింది. మొదటి రెండు పేజీలూ నా సంతకం. వంకరగా, దిద్దుతూ, మళ్లీ మళ్లీ. నా చేయి ఆగిపోయింది.

"సులువు ఎప్పుడైనా నన్ను పట్టుకుంటే, కార్డు దగ్గరైనా నువ్వుగా బతుకుదామనుకున్నానే. రాలేదు. నీ సిస్టరమ్మ రాత నాకెక్కడొస్తది? పేజీ తిప్పు."

తిప్పాను. మిగిలిన పేజీల నిండా ఒకటే: గుడిమెట్ల హెప్సిబా. గుడిమెట్ల హెప్సిబా. గుడిమెట్ల హెప్సిబా.

"మర్చిపోతానేమోనని" అంది.

జూలై 6

నలభై తొమ్మిది.

హెప్సిబా కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తెచ్చింది. ఒక్కసారికే వచ్చాయి. నాగరత్నం పిన్ని అనుమానంగా చూసిందట. "ఆ పిల్ల గదిలో నువ్వేం చేస్తున్నావే? ఆ పిల్లేదీ?" అని అడిగిందట.

రాత్రి హెప్సిబా మెల్లగా అంది: "పత్రం పెట్టకపోతే ఏమవుద్ది? నేను కల్హారగా అవును అంటా. తలుపు తెరుచుకుంటది, నీళ్లొస్తాయి. నువ్వు నా వెనక ఉండు. ఎప్పట్లాగే."

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: నాకు అది నచ్చింది. ఇక జన్మలో ఏ కుళాయి ముందూ నోరు తెరవక్కర్లేదు. గదిలో పుస్తకాలుంటాయి. ఎవరూ నన్ను అడగరు. అడగడానికి నేను ఉండను.

అప్పుడు మాస్టారి చెప్పులు గుర్తొచ్చాయి.

జూలై 7, ఉదయం

ఇద్దరం బయల్దేరాం. లిఫ్టుకు హెప్సిబా "అవును" అంది. ఇదే చివరిసారి కావచ్చు.

కార్డు కార్యాలయం పాత పోస్టాఫీసు వెనక ఒకే గది. పేరిందేవి గారు అరవై దాటినావిడ, కళ్లద్దాలకు దారం కట్టుకున్నారు. నా పుస్తకం మొదటి నుంచి చదివారు. జూలై మూడు దగ్గర వేలు పెట్టి, తలెత్తి నన్ను చూశారు. నేను తల దించుకోలేదు. దించుకుందామనే అనిపించింది.

"తోడు గొంతు తీసుకున్నారు కాబట్టి డబ్బు వెనక్కి రాదమ్మా. అది వదిలెయ్యండి. కానీ చేసింది మీరు కాదు అన్నది నిజమే కాబట్టి పత్రం చెల్లుతుంది. ఒకటి చెప్తాను, విని సంతకం పెట్టండి. ఇది వెళ్లిన గంటలో సులువు మీ పేరు మూసేస్తుంది. కార్డుకు ఫిర్యాదు చేసినవాళ్లను అది ఉంచుకోదు. మీకు తలుపుండదు, కుళాయి ఉండదు. ఈవిడకీ ఉండదు. కార్డు తలుపులు తెరవదు. కొట్లో బియ్యం మాత్రం ఇస్తుంది, అదీ వాళ్లు దయతలిస్తే."

"మరి దీనివల్ల ఏం లాభమండీ?" అంది హెప్సిబా.

"సులువు తన లెక్కలో మూసేసినా, విచారణ ముగిసేదాకా ఈ కాగితం మీది పేర్లు చెరపడానికి గానీ, ఆ పేరున్న మనుషుల్ని తీసుకుపోవడానికి గానీ ఎవరికీ వీల్లేదు. సులువుకు కూడా. మనుషులు కూర్చుని చేసే విచారణ కాబట్టి త్వరగా ముగియదు."

నాలుగో గడి దగ్గరికి వచ్చాం. ఈ చెల్లింపులు చేసినది ఎవరు?

"ఇక్కడ పేరు రాస్తే అది నేరారోపణ కిందికి వస్తుంది. ఖాళీగా వదిలేస్తే మీ ఒక్కరి పేరే నిలుస్తుంది. మీ ఇష్టం" అన్నారు పేరిందేవి గారు.

నేను కలం పక్కన పెట్టాను. హెప్సిబా దాన్ని తీసి మళ్లీ నా వేళ్ల మధ్య పెట్టింది.

"రాయవే."

"దొంగ అని రాసినట్టు అవుతుంది."

"దొంగదాన్నే అవనీ. దొంగకు పేరుంటుందిగా."

నాలుగు గీతల మధ్య రాసినట్టు నింపాదిగా రాశాను. గుడిమెట్ల హెప్సిబా. కింద నా సంతకం పెట్టాను. పేరిందేవి గారు కార్డు వెనక పట్టీతో పోల్చి, కళ్లద్దాలు తీసి నన్ను అడిగారు.

"ఇది మీరేనా?"

"నేనే" అన్నాను. ఆవిడ మరోసారి అనమనలేదు.

నకలు ఒకటి ఇచ్చారు. పుస్తకం కూడా తిరిగిచ్చారు. "ఉంచుకోండి. ఇంకా రాయాల్సి వస్తుంది."

జూలై 7, మధ్యాహ్నం

లిఫ్టు రాలేదు. ఇరవై రెండు అంతస్తులూ ఎక్కి వచ్చాం. నా తలుపు ఇద్దరిలో ఎవరికీ తెరుచుకోలేదు. "ఆ పేరుతో ఎవరూ లేరు" అంది. లోపల నా పుస్తకాలున్నాయి. మంచం మీద అరటితొక్క ఉంది.

మాస్టారు కూర్చున్నచోటే కూర్చున్నాం. నాగరత్నం పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది.

"ఇద్దరు కూర్చున్నారేంటే? పోయినసారి ఒక్కడే" అని గొణిగింది. మెట్లవైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు. సందులోంచి ఆవిడ కన్ను కనపడుతోంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. నలుగురు. పద్దెనిమిదో అంతస్తు దాటి ఉంటారు.

హెప్సిబా నా చేయి పట్టుకుంది.

"నేను మాట్లాడనా?" అంది, అలవాటుకొద్దీ.

ఆమె గొంతు వింటే వాళ్ల దగ్గరి సులువు ఎవరి పేరు చెబుతుందో తెలియదు. నకలు నా ఒడిలో ఉంది. వాళ్లు "ఎవరు మీరు?" అని అడుగుతారు. కాగితం చూస్తారో చూడరో తెలియదు. చూడకపోతే, గట్టిగా చదివి వినిపించాలి. రెండు పేర్లు. తప్పు లేకుండా, ఒక్కసారికే వినపడేలా.

ఇరవై ఒకటో అంతస్తు.

వద్దని తలూపాను. నీళ్లు ఒక గుక్క తాగి, నోరు తడి చేసుకున్నాను.